జబ్బు పోయిందన్నాక ఇంకా రెండేళ్ళు మందెందుకు?

ప్రశ్న: మాది మడకశిర దగ్గర పల్లె. పెళ్ళయినప్పటి నుంచి నేను బెంగళూరు కె.ఆర్. పురంలో ఉంటున్నాను. మా నాయనకు 62 ఏళ్ళు, వేరుశనగ సేద్యం. పోయినేడు మెడ దగ్గర, చంకలో గడ్డలొస్తే ఇక్కడికి తెచ్చి చూపించాం. బయాప్సీలో ఫాలిక్యులర్ లింఫోమా, అంటే లింఫు గ్రంథుల్లో వచ్చే ఒక రకం క్యాన్సర్ అన్నారు. ఆర్-చాప్ అని, రిటుక్సిమాబ్ కలిపిన కీమో ఆరుసార్లు ఇచ్చారు. రాలిన జుట్టు ఇప్పుడిప్పుడే మళ్ళీ మొలుస్తోంది. పోయిన నెల పెట్ స్కాన్‌లో ఏమీ కనబడలేదు, రెమిషన్ వచ్చిందన్నారు. మొక్కు కూడా తీర్చుకొచ్చాం. ఇప్పుడు డాక్టరు గారు రిటుక్సిమాబ్ ఒక్కటే రెండు నెలలకోసారి, రెండేళ్ళలో పన్నెండుసార్లు ఎక్కించుకుంటే మంచిదంటున్నారు. జబ్బు లేదని చెప్పిన నోటితోనే మళ్ళీ మందేమిటి, ఇదంతా డబ్బుల కోసమే అని మా అన్న కోపం. మా వీధిలో ఒకామెకు కూడా లింఫోమానే, ఆమెకు ఆరు కీమోలతో ఆపేశారు. మా పిన్నేమో తిప్పతీగ కషాయం తాగిస్తే ఇమ్యూనిటీ దానంతటదే పెరుగుతుందంటోంది. ఇంకొక్క మాట. ఇది క్యాన్సర్ అని నాయనకు మేం చెప్పలేదు. గడ్డలకు మందు అని చెప్పాం. ఈ కొత్తదాన్ని బలానికి ఇంజెక్షన్ అని చెబుదామనుకుంటున్నాం. ఏం చేయమంటారు?
– ఒక కూతురు, బెంగళూరు

జవాబు: అమ్మా, మీరు చాలా అడిగారు గానీ నన్ను ఆపేసింది మాత్రం ఉత్తరం చివర్లో ఉన్న ఆ "బలానికి ఇంజెక్షన్". దాని దగ్గరికి వస్తాను. ముందు మీ అన్నగారి కోపానికి సమాధానం చెప్పాలి. ఆ కోపంలో న్యాయం ఉంది.

రెమిషన్ అంటే జబ్బు కనబడటం లేదని. వేరుతో సహా పోయిందని కాదు. పెట్ స్కాన్‌లో ఒక మచ్చ వెలగాలంటే ఒక్క చోట కోట్లాది కణాలు గుంపుగా ఉండాలి. ఎముక మజ్జలోనో లింఫు గ్రంథిలోనో నాలుగు నాలుగుగా చెదిరి ఉన్నవి దానికి దొరకవు. అందులోనూ మీ నాయనగారిది నెమ్మదిగా పెరిగే రకం. కీమో మందులు ఎక్కువగా దెబ్బకొట్టేది చురుగ్గా విభజన చెందుతున్న కణాలను. ఫాలిక్యులర్ లింఫోమాలో కొన్ని కణాలు నిద్రపోతున్నట్టుంటాయి, అవి తప్పించుకుంటాయి. అందుకే ఈ జబ్బుతో మనుషులు ఏళ్ళకేళ్ళు మామూలుగా బతుకుతారు, అందుకే ఇది ఏళ్ళ తర్వాత కూడా తిరగబెడుతుంది. మంచీ చెడూ రెండూ ఆ నెమ్మదితనంలోనే ఉన్నాయి.

సేద్యం చేసే మనిషికి ఇది చెప్పడం నాకు ఎప్పుడూ కష్టం కాలేదు. చేలో తుంగ ఉందనుకోండి. దున్ని, ఏరి, కాల్చి వచ్చాక పైన నేల శుభ్రంగా కనిపిస్తుంది. కింద తుంగగడ్డలు ఉన్నాయా లేదా అన్నది మాత్రం వానలు పడితేగానీ తెలియదు. అందుకని రైతు కొన్నాళ్ళపాటు ఆ చేనిమీద కన్నేసి, మొలక వచ్చింది వచ్చినట్టు తీసేస్తాడు. రెమిషన్ వచ్చాక ఇలా కొనసాగించే మందును మెయింటెనెన్స్ అంటారు, దాని పనీ అదే.

ఆ పనికి వాడే రిటుక్సిమాబ్ కీమో కాదు. బి-కణాలనేవి ఒక రకం తెల్లకణాలు. లింఫోమాగా మారిన ఈ బి-కణాల ఒంటిమీద సిడి20 అనే గుర్తు ఉంటుంది. రిటుక్సిమాబ్ ఆ గుర్తుకే అతుక్కునే యాంటీబాడీ. అది అతుక్కున్న కణాన్ని మన రోగనిరోధక కణాలే వచ్చి చంపుతాయి, అందుకే దీన్ని ఇమ్యునోథెరపీ అంటారు. జుట్టు రాలదు, వాంతులు దాదాపు ఉండవు. క్యాన్సర్‌కు అమెరికాలో అనుమతి పొందిన మొట్టమొదటి మోనోక్లోనల్ (ఒకే గుర్తుకు అతుక్కునేలా తయారుచేసిన) యాంటీబాడీ ఇదే, 1997లో. మన దేశంలో చాలా ఏళ్ళు ఇది డబ్బున్నవాళ్ళ మందుగానే ఉండిపోయింది. 2007లో హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ తన సొంత రిటుక్సిమాబ్ తెచ్చాక ధర దిగడం మొదలైంది. ఆ తేడా వార్డులో నిలబడి చూసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి, కాబట్టి ఈ మందు పేరు చెబితే నాకు కొంచెం మమకారం ఉంది. ఆ మాట ముందే చెప్పి, ఇప్పుడు లెక్కలు చెబుతాను.

మీ డాక్టరు గారు చెప్పిన పన్నెండు డోసుల పద్ధతి ప్రిమా అనే పెద్ద అధ్యయనం నుంచి వచ్చింది. మీ నాయనగారిలా మొదటి చికిత్సకు జబ్బు లొంగిన వెయ్యిమందికి పైగా ఫాలిక్యులర్ లింఫోమా రోగులను రెండు భాగాలు చేశారు. సగం మందికి ఎనిమిది వారాలకోసారి రెండేళ్ళు రిటుక్సిమాబ్ ఇచ్చారు, మిగతా సగాన్ని మందు లేకుండా గమనిస్తూ ఉన్నారు. ఫలితాలు 2011లో వచ్చాయి. మూడేళ్ళకు జబ్బు ముదరకుండా ఉన్నవారు మందు తీసుకున్న నూరుమందిలో 75 మంది, తీసుకోనివారిలో 58 మంది. తర్వాత పదేళ్ళ లెక్క కూడా వచ్చింది: 51 మంది, 35 మంది. తేడా నిజమైందే, పదేళ్ళ దాకా నిలబడింది కూడా.

కానీ ఇంకో లెక్క కూడా ఉంది, దాన్ని చాలాసార్లు ఇంటివాళ్ళకు చెప్పరు. పదేళ్ళ తర్వాత ప్రాణాలతో ఉన్నవారు రెండు వైపులా దాదాపు సమానమే, నూరింట 80 మంది చొప్పున. అంటే ఈ మందు జబ్బు తిరిగి రావడాన్ని వెనక్కి నెడుతుంది, ఆయుష్షు పెంచుతుందని మాత్రం రుజువు కాలేదు. తిరగబెట్టినవాళ్ళకు మళ్ళీ చికిత్స చేస్తే మళ్ళీ లొంగింది కాబట్టే ఆ సంఖ్యలు కలిశాయి. ఇంకోలా చూడండి. మందు లేకుండానే పదేళ్ళు బాగున్నవాళ్ళు 35 మంది ఉన్నారు, వాళ్ళకు ఇది అక్కరలేదు. మందు తీసుకున్నా నిలవనివాళ్ళు 49 మంది, వాళ్ళలో కొందరికి కొన్నేళ్ళు కలిసొచ్చి ఉంటాయి. పదో ఏట తేడా కనబడింది మిగిలిన 16 మందిలో. మీ నాయనగారు ఏ గుంపులో పడతారో చెప్పే పరీక్ష ఏదీ లేదు.

కాబట్టి ఇది "వేయించకపోతే ప్రాణం పోతుంది" అన్న మందు కాదు. "ఎందుకూ పనికిరాదు, డబ్బు గుంజడానికే" అన్న మందూ కాదు. ఇంకోసారి కీమో కుర్చీలో కూర్చునే రోజును దూరం చేసే మందు. ఆ దూరానికి ఎంత విలువ కట్టాలన్నది మనిషిని బట్టి ఉంటుంది. కీమో అంటేనే వణికిపోయినవాళ్ళకు ఆ ఏళ్ళు బంగారం. రెండు నెలలకోసారి ఊరొదిలి రావడమే నరకం అనుకునేవాళ్ళకు లెక్క వేరు.

మీ వీధిలో ఆమె సంగతి తేలిక. లింఫోమా అన్నది ఒక్క జబ్బు కాదు, పదుల రకాలున్నాయి. ఆమెది బహుశా డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ రకం అయి ఉంటుంది, ఎక్కువగా కనబడేది అదే. అది వేగంగా పెరుగుతుంది, చాలామందిలో ఆరు ఆర్-చాప్‌లతో శాశ్వతంగా నయమైపోతుంది. ఆ తర్వాత రిటుక్సిమాబ్ కొనసాగిస్తే అదనంగా ఒరిగేదేమీ లేదని తేలింది, అందుకే ఆపేశారు. మాంటిల్ సెల్ రకంలో అయితే కథ పూర్తిగా తిరగబడుతుంది. అక్కడ ఆటోలోగస్ మార్పిడి (రోగి సొంత మూలకణాలనే తీసి తిరిగి ఎక్కించడం) తర్వాత మూడేళ్ళు ఈ మందు ఇస్తే ఆయుష్షే పెరిగింది. హాడ్జ్‌కిన్ లింఫోమాలో సాధారణంగా ఈ మందును ఇలా కొనసాగించరు. ఈ జవాబు చదివే మిగతావాళ్ళు కూడా ముందు బయాప్సీ కాగితంలో రకం పేరు చూసుకోండి. ఇంకో మాట. ఆర్-చాప్ బదులు బెండామస్టిన్ అనే ఇంకో కీమో మందుతో చికిత్స అయినవాళ్ళు పైన చెప్పిన లెక్కలను ఉన్నదున్నట్టు తమకు అన్వయించుకోకూడదు. ప్రిమాలో బెండామస్టిన్ లేదు. ఆ మందు తర్వాత రోగనిరోధక శక్తి చాలాకాలం పడిపోయి ఉంటుంది, ఇన్ఫెక్షన్ల భయం ఎక్కువ. వాళ్ళు డాక్టరుతో ఇంకోసారి కూర్చుని మాట్లాడాలి.

ఇక నష్టాలు. ఇన్ఫెక్షన్లే అసలు సమస్య. ప్రిమాలో వైద్యం అవసరమయ్యే స్థాయి ఇన్ఫెక్షన్లు మందు తీసుకున్న నూరుమందిలో 39 మందికి వచ్చాయి, తీసుకోనివారిలో 24 మందికి. రిటుక్సిమాబ్ జబ్బు కణాలతోపాటు మంచి బి-కణాలనూ తుడిచేస్తుంది. అవి మళ్ళీ పుట్టడానికి ఆఖరి డోసు తర్వాత ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. రెండేళ్ళు కొనసాగితే కొందరిలో ఇమ్యునోగ్లోబులిన్లు, అంటే ఇన్ఫెక్షన్లతో పోరాడే యాంటీబాడీలు తగ్గి దగ్గు, సైనస్, న్యుమోనియా వదలకుండా పట్టుకుంటాయి. అలా అయితే వాటిని కొలిచే ఐజిజి పరీక్ష చేయించమని అడగండి. కొందరిలో డోసు వేసిన వారాలకో, నెలలకో తెల్లకణాలు ఉన్నట్టుండి పడిపోతాయి, ఒంట్లో తెలిసేది జ్వరం రూపంలోనే. 100.4 దాటిన జ్వరాన్ని ఇంట్లో డోలో వేసి దాటించొద్దు. అదే రోజు రక్తపరీక్ష, అదే రోజు డాక్టరు. ఇది నేను బతిమాలి చెప్పే మాట.

దీనికన్నా ముందు చూడాల్సింది హెపటైటిస్-బి. ఆ వైరస్ ఎప్పుడో సోకి, తగ్గి, కాలేయంలో చప్పుడు లేకుండా పడి ఉన్నవాళ్ళు మన ఊళ్ళలో తక్కువేం కాదు. రిటుక్సిమాబ్ పడ్డాక అది నిద్రలేచి కాలేయాన్ని దెబ్బతీయగలదు, ప్రాణాలు కూడా పోయాయి. ఆర్-చాప్‌కు ముందే చేయించి ఉండాలి. ఫైల్ తిరగేసి చూడండి. హెచ్‌బిఎస్ ఏజీ ఒక్కటే చాలదు, యాంటీ-హెచ్‌బిసి అన్న రెండో పరీక్ష కూడా ఉండాలి. రెండోది పాజిటివ్ వచ్చినంతమాత్రాన రిటుక్సిమాబ్ మానక్కరలేదు, ఆ వైరస్‌ను అణచి ఉంచే ఎంటెకావిర్ లాంటి మాత్ర తోడుగా ఇస్తారు. ఆ మాత్రను ఆఖరి డోసు తర్వాత కూడా ఏడాదికి తక్కువ కాకుండా వాడాలి. బాగుంది కదా అని మధ్యలో ఆపేసినవాళ్ళే చిక్కుల్లో పడతారు.

ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి మొదటి డోసుకు ముందే అడగండి. మందు మొదలయ్యాక టీకా వేసినా ఒళ్ళు సరిగా స్పందించదు. బతికున్న వైరస్‌తో చేసే టీకాలు ఈ రెండేళ్ళూ ఆయనకు పనికిరావు. ఆయనకు బీపీ ఉంటే, ఎక్కించే రోజు పొద్దున మాత్ర వేసుకోవాలా వద్దా అని కూడా అడగండి. మందు లోపలికి వెళ్తుండగా బీపీ పడిపోవడం మామూలే.

డబ్బు మాట. రిటుక్సిమాబ్ మన జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో ఉంది, అంటే దానికి ప్రభుత్వం గరిష్ఠ ధర కడుతుంది. కంపెనీలు చాలా ఉన్నాయి, ధరల్లో తేడా ఉంది. ఏ బ్రాండు, ఎంతకు అని అడగడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. డోసు ఒంటి వైశాల్యాన్ని బట్టి, చదరపు మీటరుకు 375 మిల్లీగ్రాములు. మీ నాయనగారి వైశాల్యం 1.6 అనుకుంటే సరిగ్గా 600, అంటే 500ది ఒక సీసా, 100ది ఒక సీసా. రెండు 500లు బిల్లు వేస్తే ఎందుకని అడగండి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు ఎన్టీఆర్ వైద్య సేవ, మనమంతా ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అని పిలిచేది, బెంగళూరులో కొన్ని ఆసుపత్రులకు వర్తిస్తుంది. ఆర్-చాప్‌కు వర్తించింది కదా అని మెయింటెనెన్స్‌కు కూడా ఉంటుందని అనుకోకుండా, ఆరోగ్యమిత్ర దగ్గర ఈ మందు పేరు చెప్పి అడగండి. ఇంకోటి, పన్నెండుసార్లూ బెంగళూరే రానక్కరలేదు. ఊరికి దగ్గర్లో మెడికల్ ఆంకాలజిస్టు, డే కేర్ ఉన్నచోట ఎక్కించి, ఆరు నెలలకోసారి ఇక్కడ చూపించుకునే ఏర్పాటుకు చాలామంది డాక్టర్లు ఒప్పుకుంటారు.

పిన్నిగారికి ప్రేమగానే చెప్పండి. లింఫోమా పుట్టిందే రోగనిరోధక వ్యవస్థలోని కణాల్లో. అక్కడ "ఇమ్యూనిటీ పెంచడం" అన్న మాటకు అర్థమే లేదు. పైగా తిప్పతీగ వాడినవాళ్ళలో కొందరికి కాలేయం దెబ్బతిన్న కేసులను మన దేశపు కాలేయ వైద్యులే ప్రచురించారు. మీ నాయనగారి కాలేయాన్ని మనం ఇప్పటికే ఒక కన్నేసి చూడాల్సిన పరిస్థితి. ఆవిడ చేతి రాగిసంగటి, ఆకుకూర పప్పు పెట్టించండి. కషాయం మాత్రం వద్దు.

ఇప్పుడు ఆ చివరి మాట.

చాలా ఏళ్ళ కింద మా వార్డుకు ఒక పెద్దాయన వచ్చేవారు. ఆయనకూ బలానికి ఇంజెక్షన్ అనే చెప్పారు ఇంట్లో. చెప్పొద్దని నా చేతులు పట్టుకుంటే నేనూ నోరు మూసుకున్నాను. మూడు డోసులయ్యాక ఆయన రావడం మానేశారు. కబురు పంపితే, "బలం వచ్చింది సార్, ఇక ఎందుకు?" అన్నారు. తప్పేముంది అందులో? బలానికి అన్నారు, బలం వచ్చింది, మానేశారు. అదొక్కటే అయితే బాధపడేవాణ్ణి కాదు, మెయింటెనెన్స్ మానేసి కూడా బాగున్నవాళ్ళున్నారని పైన నేనే చెప్పాను. కానీ నెల తర్వాత జ్వరమొస్తే, తన ఒంట్లో తెల్లకణాలు పడిపోయే మందు ఉందని తెలియక నాలుగు రోజులు మాత్రలతో ఇంట్లోనే పడుకున్నారు. ఐసీయూ నుంచి బయటపడ్డారు గానీ, ఆ నాలుగు రోజుల్లో నా మౌనానికి వాటా ఉందని నేను ఈనాటికీ అనుకుంటాను. ఆ తర్వాత ఏ ఇంటివాళ్ళు బతిమాలినా అలాంటి అబద్ధంలో నేను చేరలేదు.

ఆరు కీమోలకు దాచగలిగారు. అవి మూడు వారాలకోసారి, ఆసుపత్రి చుట్టూ తిరుగుతూ, మీ కళ్ళ ముందు గడిచాయి. ఈ రెండేళ్ళలో మీ నాయనగారు ఎక్కువ రోజులు చేలో ఉంటారు, మీరు కె.ఆర్. పురంలో ఉంటారు. జ్వరం తగిలినప్పుడు మొదట తెలిసేది ఆయనకే. మెడ కింద గడ్డ మళ్ళీ చేతికి తగిలితే, రాత్రి చెమటకు చొక్కా తడిస్తే, కారణం లేకుండా బరువు తగ్గితే, అవేమిటో తెలియాల్సిందీ ఆయనకే. తెలియని మనిషి ఎలా చెబుతాడు? పైగా నేను ఇంతసేపు చెప్పిన ఆ బేరీజు, ఇన్నేళ్ళ ఊరట కోసం ఇన్నిసార్లు సూది, ఇంత ఇన్ఫెక్షన్ భయం, అది వేయాల్సింది మీరూ నేనూ మీ అన్నా కాదు. ఒళ్ళు ఆయనది.

ఆయనకు ఏమీ తెలియదని కూడా అనుకోకండి. ఆసుపత్రి బోర్డు మీద ఏముందో, పక్క మంచాల మీద ఎవరున్నారో ఆరుసార్లు చూసినాయన. సందేహం ఎప్పుడో వచ్చే ఉంటుంది. మీరు బాధపడతారని ఆయన అడగరు, ఆయన బాధపడతారని మీరు చెప్పరు. ఇద్దరూ ఒంటరిగా మోస్తున్నారు.

అన్నీ ఒకేసారి గుమ్మరించక్కరలేదు. ఒక సాయంత్రం పక్కన కూర్చుని, "నాయనా, ఈ గడ్డల గురించి నీకేమనిపిస్తోంది?" అని అడిగి ఆగండి. ఆయనే ఆ మాట అనవచ్చు. అనకపోతే, "ఇది క్యాన్సర్‌లో ఒక నెమ్మది రకం, మందుకు లొంగింది, ఇప్పుడు కనబడటం లేదు" అని ఆ క్రమంలోనే చెప్పండి. మంచి వార్తతో కలిపి చెప్పే అవకాశం మీకు ఈ రోజు ఉంది, ఇది మళ్ళీ దొరక్కపోవచ్చు. తర్వాత తుంగ సంగతి చెప్పండి. ఆయన మీకన్నా బాగా అర్థం చేసుకుంటారు. ఎన్నేళ్ళు బతుకుతానని అడిగితే మీరు జవాబు వెతుక్కోకండి, డాక్టరునే అడుగుదామనండి.

నన్నడిగితే, 62 ఏళ్ళ మనిషి, ఆర్-చాప్‌కు పూర్తిగా లొంగిన జబ్బు, హెపటైటిస్-బి లేదు, జ్వరమొస్తే కొన్ని గంటల్లో ఆసుపత్రికి చేరగలరు, ఖర్చుకు పొలం అమ్మక్కరలేదు, ఇవన్నీ కుదిరితే నేను మొదలుపెట్టమనే అంటాను. మొదలుపెట్టాక మధ్యలో ఇన్ఫెక్షన్లు వరసపెడితే ఆరో డోసు దగ్గరైనా ఆపేయొచ్చు, ఆపినందుకు ఎవరూ నొచ్చుకోనక్కరలేదు. అప్పు చేయాల్సి వస్తే, లేదా అంతా విన్నాక ఆయన వద్దంటే, మూడు నెలలకోసారి చూపించుకుంటూ మందు లేకుండా ఉండటం కూడా వైద్యంలో అంగీకరించిన దారే. తిరగబెట్టిన రోజున చేతిలో మందులుంటాయి, రిటుక్సిమాబ్ కూడా మళ్ళీ వాడుకోవచ్చు. ఐఐటీ బొంబాయిలో పుట్టిన కార్-టి చికిత్సకు (రోగి సొంత రోగనిరోధక కణాలనే మార్చి జబ్బు మీదికి పంపేది) 2023లో మన దేశంలో అనుమతి వచ్చింది. మాటిమాటికీ తిరగబెట్టే బి-కణాల జబ్బులకు అది పదేళ్ళ కింద మనకు లేని ఆసరా.

మొదటి డోసు సాధారణంగా ఆఖరి చికిత్స అయిన రెండు నెలలకు వేస్తారు. ఆఖరి కీమో ఎప్పుడైందో చూసుకుని, మీకు ఎంత వ్యవధి ఉందో డాక్టరును అడగండి. వచ్చే అపాయింట్‌మెంటుకు నాయనగారిని బయట బెంచీ మీద కూర్చోబెట్టి మీరిద్దరూ లోపలికి వెళ్ళొద్దు. డాక్టరు ఎదురుగా కుర్చీలో ఆయన కూర్చోవాలి, మీరూ మీ అన్నా వెనక నిలబడండి. ఫైల్లో హెపటైటిస్ కాగితాలు రెండూ పైన పెట్టుకెళ్ళండి. అవి రెండూ లేకపోతే, ఆ రోజే రక్తం ఇచ్చి రండి.